తొర్రూరు నుంచి జనగామ దాకా ఆరు ఫ్యూజులు

ఆ పొద్దున షెడ్డులో ఉన్నవాళ్లు: ఉస్తాద్ ఖాజా మియా, నేను, జీపు యజమాని బద్రు, బద్రు తల్లి సక్రమ్మ, నెల్లికుదురు సర్కారు దవాఖాన నర్సు విజయ, పుట్టి మూడు గంటలైన ఆడపిల్ల. ఉన్నవి: పాత మిలిటరీ జీపు, పన్నెండు వోల్టుల బ్యాటరీ, మల్టీమీటరు, టెస్టు లాంపు, జీపులోదాన్ని కలుపుకుని పదిహేను ఆంపియర్ల గాజు ఫ్యూజులు ఆరు, నర్సు చేతిలో థర్మామీటరు. పిల్ల తూకం పద్నాలుగు వందల యాభై గ్రాములు. థర్మామీటరులో పాదరసం మొదటి గీత దాటలేదు. ఆ గీత తొంభై నాలుగు.

లేనిది ఒక్కటే. జీపు హీటరు నుంచి గాలి రావడం లేదు.

ఎవరి కోసం రాస్తున్నాను

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఈ వయసులో రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. కానీ మాట నిజమే. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క ఆటో ఎలక్ట్రీషియన్ పనిలో చేరాను. తొర్రూరులో ఆరేళ్లు ఖాజా మియా దగ్గర, మహబూబాబాద్‌లో నాలుగేళ్లు సొంత షాపు, భూపాలపల్లిలో ఏడేళ్లు బొగ్గు లారీల మీద. పోయిన ఏడు ఛార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర క్లిప్పు తీస్తూ ఒక్క నిప్పురవ్వ పుట్టించాను. బ్యాటరీ మూత లేచింది, యాసిడ్ ముఖం మీద పడింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్నుతో ఇంత రాయగలను కానీ డాష్‌బోర్డు కింద పడుకుని సన్న వైరు రంగు పోల్చలేను. పని ఆపేశాను.

ఐటీఐ నుంచి బయటికి వచ్చి ఈ పనిలో దిగే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సర్క్యూట్లు మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. భయం సంగతి వాటిలో ఉండదు. ఈ పనిలో నాకు రెండు రకాల భయాలు తెలుసు. కరెంటు అంటే భయం మొదటి ఆరు నెలల్లో పోతుంది, పోయిన తర్వాతే కన్ను పోగొట్టుకుంటాం. రెండోది, మనం ఎప్పుడో చేసి మరిచిపోయిన పని ఎక్కడో రోడ్డు మీద ఎవరినో మోసుకుంటూ తిరుగుతోందన్న భయం. అది నాకు పదిహేడేళ్లలో పోలేదు. అది మొదలైంది ఆ జీపు దగ్గర.

జీపు

బద్రుది నెల్లికుదురు దగ్గరి తండా. ఎడ్లు అమ్మి, కూలి డబ్బు కూడబెట్టి, మిలిటరీవాళ్లు వేలంలో తీసేసిన జీపు కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాతకాలపు బండి. పైన కాన్వాసు గుడ్డ, పక్కలకు చిరిగిన పరదాలు. అది చలి ప్రాంతంలో తిరిగిన బండి కాబట్టి ఎడమ సీటు ముందు, డాష్‌బోర్డు కింద హీటరు డబ్బా ఉంది. ఇంజను నుంచి వేడినీళ్లు ఒక రబ్బరు గొట్టంలో ఆ డబ్బాలోని చిన్న రేడియేటరులోకి వస్తాయి. దాని వెనక చిన్న మోటారు, మోటారుకు గుండ్రటి పంజరం లాంటి పంకా. పంకా తిరిగితే వేడిగాలి కాళ్ల మీదికి వస్తుంది. అంతే యంత్రం.

మన దగ్గర హీటరుతో ఎవరికేం పని? బద్రు ఆ డబ్బా మీద మూత వేసి, పైన పానాలు పెట్టుకునేవాడు.

ఆ పొద్దుకు రెండేళ్ల ముందు, నేను కొత్తగా చేరినప్పుడు, ఆ జీపు ఛార్జింగు పనిచేయడం లేదని మా దగ్గరికి వచ్చింది. పాత బండ్లలో బ్యాటరీని ఛార్జి చేయడానికి డైనమో ఉండేది. బ్యాటరీ ప్లస్ వైరు బండి బాడీకి కలిపి ఉండేది. ఇప్పటి బండ్లలో మైనస్ కలుపుతారు. డైనమోకు సామాను దొరకడం లేదని ఉస్తాద్ అదే పని చేసే ఆల్టర్నేటరు ఒక వ్యానుది తెచ్చాడు. దానికి మైనస్సే బాడీకి ఉండాలి. కాబట్టి బ్యాటరీ వైర్లు అటువి ఇటు మార్చాలి. ఆ పని మొత్తం నాకు అప్పగించాడు. నేను ఒంటరిగా చేసిన మొదటి పెద్ద పని అది.

చేసి, కాగితం మీద జాబితా రాసుకుని ఒక్కొక్కటీ చూశాను. ఛార్జింగు, స్టార్టరు, హెడ్‌లైట్లు, డిప్పర్, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారను, వైపరు, మీటర్లు. మొత్తం తొమ్మిది. అమ్మీటరు ముల్లు ఉల్టా కొడితే దాని వైర్లు మార్చాను. తొమ్మిదింటికీ టిక్కులు పెట్టి ఉస్తాద్‌కు చూపించాను. ఆయనకు చదువు రాదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, "మస్తుంది డిప్లొమా, గోడకు అంటియ్యి" అన్నాడు. నిజంగానే అంటించాను.

పొద్దున ఏడు గంటలు

రెండు వేల తొమ్మిది డిసెంబరు. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజు విడిచి రోజు బంద్ నడుస్తోంది. బస్సులు లేవు. షట్టర్లు దించి ఉన్నాయి. మా షెడ్డుకు సగం షట్టరు దించి, లోపల నేను టీ కాస్తున్నాను. మంచులో ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం కూడా కనిపించడం లేదు. అప్పుడు ఆ జీపు హారను వినిపించింది.

బద్రు భార్యకు నెల ముందే నొప్పులు వచ్చి, తెల్లవారుజామున నెల్లికుదురు దవాఖానలో కాన్పయింది. ఆమెకు రక్తం ఎక్కువ పోయింది, కదిలించొద్దన్నారు, తన తల్లి దగ్గర అక్కడే ఉంది. పిల్లకు ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది, ఒళ్లు చల్లబడుతోంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, మరిపెడ దగ్గర రోడ్డు మీద చెట్లు కొట్టి వేశారని, ఎప్పుడు వస్తామో చెప్పలేమని అన్నారు. వరంగల్ రోడ్డూ అంతే. జనగామలో ఒక పిల్లల డాక్టరు దగ్గర వెచ్చటి గాజుపెట్టె ఉందని నర్సు కనుక్కుంది. పాలకుర్తి మీదుగా పోతే యాభై కిలోమీటర్ల పైమాటే.

సక్రమ్మ పిల్లను తన రొమ్ముకు ఆనించుకుని, పైన రెండు బొంతలు కప్పుకుని కూర్చుంది. గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసాలు రెండు అటూ ఇటూ పెట్టారు. నెల్లికుదురు నుంచి తొర్రూరు వచ్చేసరికే పరదాల సందుల్లోంచి కొట్టిన గాలికి సీసాలు చల్లారిపోయాయి.

బద్రు దూకి లోపలికి వచ్చాడు. "ఖాజా భాయ్, హీటరు నడుపియ్యాలె. బండి కొన్నప్పుడు వచ్చేది వేడి గాలి. గిప్పుడు వస్తలేదు."

"ఎన్నడి సంది?" అన్నాడు ఉస్తాద్.

"మీ తాన డైనమో మార్చిన సంది."

నేను వెంటనే అన్నాను. "డైనమోకూ హీటరుకూ సంబంధం లేదన్నా."

పిల్లలూ, ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. నేను ఇంకా బానెట్ కూడా ఎత్తలేదు.

నర్సు విజయ థర్మామీటరు తీసి వెలుతురుకు పట్టుకుంది. "పాదరసం లేస్తలేదు. ఏం చేసినా జల్ది చెయ్యిన్రి. గీ పోరిని ఊకె చలిల తీస్కపోతే జనగామ దాక ఉండది."

సక్రమ్మ, "కుంపటి పెట్టుకుంటే?" అంది.

"పొగకు దమ్ము ఆగుతది. వద్దు" అంది విజయ.

జాబితా

నేను నేర్చుకున్న పద్ధతిలోనే వెళ్లాను. ఫ్యూజు బాగుంది. స్విచ్చు బాగుంది. మోటారు దగ్గర మీటరు పెట్టాను, పదకొండు పాయింట్ తొమ్మిది వోల్టులు. బాడీకి వెళ్లే వైరు బిగువుగానే ఉంది. వేడినీళ్ల కుళాయి మూసి ఉంటే తెరిచాను, చిన్న రేడియేటరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. స్విచ్చు వేస్తే మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కరెంటు ఉంది, వేడి ఉంది, మోటారు తిరుగుతోంది. గాలి మాత్రం అరచేతికి తగిలీ తగలనట్టు ఉంది.

ఆరు పరీక్షలు, ఆరూ పాసు. ఏడోది నాకు తెలియదు. తెలియనప్పుడు తెలియదనాలి. నేను అనలేదు. గొంతు గట్టిగా చేసుకుని, "మోటారు పోయింది. బ్రష్షులు అరిగి బలం తగ్గింది. పాతది కదా, సామాను దొరకదు" అన్నాను.

బద్రు నా ముఖంలోకి చూశాడు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ని. నమ్మేశాడు. తల్లి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో మెల్లగా చెప్పాడు. "యాడీ" అన్న ఒక్క మాట, అమ్మా అన్నది, నాకు అర్థమైంది. సక్రమ్మ బొంత ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఉస్తాద్ టార్చి పట్టుకుని నా భుజం మీద తట్టాడు. "అరే డిప్లొమా, జర జరుగు."

గాలి బయటికి వచ్చే గొట్టం ఊడదీసి లోపలికి టార్చి కొట్టాడు. "స్విచ్ ఎయ్యి. ఇగ ఆపు." ఆపాను. పంకా నెమ్మదించి ఆగేదాకా చూశాడు. "మళ్ల ఎయ్యి. ఆపు." రెండోసారి కూడా ఆగేదాకా చూశాడు. తర్వాత నన్ను మెడ పట్టి వంచాడు.

"రెక్కలు ఎటు వంగినయి?"

"ఎడమకు."

"తిరుగుడు ఎటు?"

నేనే స్విచ్చు వేసి ఆపి చూశాను. కుడికి.

"మా అబ్బాజాన్ కొలిమి పంకా చిన్నప్పుడు ఉల్టా తిప్పి తన్నులు తిన్న. గప్పుడు గూడ గిట్లనే ఉండె. చప్పుడొస్తది, గాలొచ్చినట్టె ఉంటది, బొగ్గు మాత్రం రాజదు. గిది ఉల్టా తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుందో నాకు తెల్వది. నువ్వు చదువుకున్నవ్, నువ్వే చెప్పు."

నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలిసింది. ఆ మోటారులో అయస్కాంతాలు ఉంటాయి. ప్లస్ మైనస్ మారిస్తే తిరిగే దిక్కు మారుతుంది. ఇది డిప్లొమా రెండో ఏడు పాఠం, పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. రెండేళ్ల కిందట బ్యాటరీ వైర్లు మార్చినప్పుడు, అమ్మీటరు ఉల్టా కొట్టడం కళ్లారా చూసి కూడా, హీటరు స్విచ్చు వేసి చూడలేదు. తొమ్మిది రాశాను. పదోది ఉందని తోచలేదు. తొర్రూరులో పుట్టి పెరిగినవాడికి బండిలో హీటరు ఒక వస్తువని ఎలా తోస్తుంది?

ఆ తొమ్మిది టిక్కుల కాగితం నా తల మీదే గోడకు అంటించి ఉంది.

మోటారు రెండు వైర్లూ అటుది ఇటు మార్చాను. నాలుగు నిమిషాల పని. స్విచ్చు వేశాను. వేడిగాలి ముఖానికి కొట్టింది. సక్రమ్మ "ఆ, ఆ" అని కాళ్లు దగ్గరికి జరుపుకుంది. అప్పుడే మోటారు కీచుమంది. చప్పుడు సన్నబడింది. ఫ్యూజు పోయింది.

ఒకటి.

నలభై నిమిషాలు లేవు

కారణం సులువుగానే దొరికింది. రెండేళ్లు కదలని మోటారు ఇరుసులో చమురు ఎండిపోయి, తుప్పు పట్టి, బిగుసుకుంది. ఉల్టా తిరిగినప్పుడు గాలి తోయలేదు కాబట్టి దానికి బరువు తెలియలేదు. ఇప్పుడు సరిగ్గా తిరుగుతూ గాలి తోస్తోంది, బరువు పడి ఎక్కువ కరెంటు లాగుతోంది. ముందు వైపు ఇరుసుకు కోడి ఈకతో కుట్టు మిషను నూనె పూశాను. వెనక వైపుది అందదు. డబ్బా మొత్తం విప్పాలి, నీళ్లు వంచాలి.

"ఎంత సేపు?" అంది విజయ.

"నలభై నిమిషాలు."

ఆమె బొంత కొద్దిగా ఎత్తి పిల్ల రొమ్ము చూసింది. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. "నలభై నిమిషాలు లేవు. నడిచినంత దూరం నడవని. పోదాం."

పెట్టెలో ఐదు ఫ్యూజులు మిగిలాయి. షాపులన్నీ బంద్. ఉస్తాద్ భార్య సీసాల్లో మళ్లీ వేడినీళ్లు నింపి ఇచ్చింది. పరదాల చిరుగుల మీద ఉస్తాద్ టార్పాలిన్ కట్టాడు. కట్టి, జేబులోంచి సిగరెట్ డబ్బా తీసి, లోపలి వెండి కాగితం చింపి నా చేతిలో పెట్టాడు.

"ఫ్యూజులు అయిపోతే పోయినదానికి గిది చుట్టు. పోదు."

పోదు, నిజమే. వెండి కాగితం చుట్టిన ఫ్యూజు పోదు, దాని బదులు వైరు కాలుతుంది. ఖాజా మియా నాకు దొరికిన గురువుల్లో అందరికంటే గొప్పవాడు. ఈ ఒక్క విషయంలో ఆయన పద్ధతి తప్పు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ చెబుతున్నాను. పైగా ఆ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. హీటరు వైరు దానికి జానెడు దూరంలోంచి వెళుతుంది.

అయినా కాగితం జేబులో పెట్టుకున్నాను. వద్దనే ధైర్యం కూడా లేదు.

దారి

బద్రు స్టీరింగు దగ్గర. ఎడమ సీట్లో పిల్లతో సక్రమ్మ. వెనక నుంచి ఆమె భుజం మీదుగా వంగి విజయ. సక్రమ్మ కాళ్ల పక్కన నేల మీద ముడుచుకుని నేను, కుడి చెయ్యి మోటారు మీద.

ఒక నియమం పెట్టుకున్నాను. మోటారు మీద చెయ్యి ఉంచి పది లెక్కపెట్టగలిగితే నడవనివ్వాలి. ఏడు దగ్గరే చెయ్యి తీయాల్సి వస్తే స్విచ్చు ఆపాలి. చల్లారనిచ్చి మళ్లీ వేయాలి. మూడు నిమిషాలు నడిస్తే రెండు నిమిషాలు ఆగుతోంది. ఆగిన ఆ రెండు నిమిషాలూ ఆ పిల్ల ఏడిస్తే బాగుండునని అందరం చెవులు అటే పెట్టుకుని ఉన్నాం. ఏడవలేదు. పిల్లి కూనలా ఒక మూలుగు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఉందా?" అనేవాడు బద్రు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

"ఉంది" అనేది విజయ.

తొర్రూరు దాటిన నాలుగో కిలోమీటరులో రెండో ఫ్యూజు పోయింది. ఇంకో పది పోయాక మూడోది. మార్చడానికి అర నిమిషం చాలు, కానీ ప్రతిసారీ పెట్టెలో వేలు పెట్టి లెక్కపెట్టుకునేవాణ్ని. తప్పు లెక్కపెట్టానేమో, ఇంకొకటి ఉందేమో అని.

పాలకుర్తికి ముందు రోడ్డుకు అడ్డంగా తుమ్మ చెట్టు పడి ఉంది. పక్కన టైర్లు కాలుతున్నాయి. పది పదిహేను మంది. ఒకాయన కట్టెతో బానెట్ మీద కొట్టాడు.

"బండి బంద్ జెయ్యి! ఇయ్యాల బంద్ అని ఎర్కలేదా? ఎవన్ది ఈ జీపు?"

"నాదే అన్నా. లోపట చిన్న పోరి ఉన్నది. పానం బాగలేదు."

"అందరిది గదే ముచ్చట. పొద్దుగాల సంది నలుగురు బీమారోళ్లు వచ్చిన్రు, ముగ్గురు పెండ్లికి పోతున్నోళ్లే. ముందు ఇంజను ఆపు."

ఇంజను ఆపితే నీళ్లు చల్లారతాయి. నీళ్లు చల్లారితే పంకా తిరిగినా లాభం లేదు. బద్రు నా వైపు చూశాడు. నేను నేల మీంచి తల పైకెత్తాను. ఆ పొగలో, మసి ముఖంతో నేను ఎలా కనబడ్డానో తెలియదు కానీ ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అన్నా, ఇంజను ఆపితే ఈ పిల్ల చల్లబడ్తది. నువ్వే చూడు" అన్నాను. సక్రమ్మ బొంత తీయలేదు. విజయ చెయ్యి అడ్డం పెట్టి, "చలి పెట్టకు. ఒక్క కన్ను పెట్టి చూడు, గంతే" అంది.

ఆయన టార్పాలిన్ సందులోంచి ఒక్క కన్ను పెట్టి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. "అరేయ్, చెట్టు గుంజుండ్రి! నిలవడి చూస్తరేంరా, పట్టుండ్రి!" నలుగురు చెట్టు మొదలు పట్టుకున్నారు. సగమే కదిలింది. మిగతా సగం బద్రు నాలుగు చక్రాల గేరు వేసి, రోడ్డు దిగి, పొలం గట్టు ఎక్కించి దాటించాడు. ఆ కట్టె పట్టుకున్నాయన మోటారు సైకిలు మీద మా ముందు వచ్చాడు. ఆ తర్వాత రెండు అడ్డంకుల దగ్గర ఆయనే అరిచి దారి ఇప్పించాడు. పేరు అడగలేదు.

గట్టు మీద కుదుపులకు మోటారు మీంచి నా చెయ్యి జారిపోతుంటే స్విచ్చు ఆపేశాను. రోడ్డెక్కాక తొందరలో ఒక్కసారే ఫుల్ వేశాను. నిదానంలో మొదలుపెట్టి పెంచాల్సింది. నాలుగో ఫ్యూజు అలా, నా చేతులారా పోయింది.

ఐదోది పాలకుర్తి దాటాక. ఆరోది పెడుతుంటే బద్రు అడిగాడు. "తమ్మీ, గీ మోటరు ఎందుకు గిట్లయింది? ఊకె అడుగుతున్న."

ఊరికే అడిగాడు. నేను ఏదైనా చెప్పవచ్చు. పాత బండి, తుప్పు, వానలు. అన్నీ కొంత నిజాలే. మోటారు మీద చెయ్యి కాలుతోంది. ఆ చేతిలోంచి అబద్ధం రాలేదు.

"నా తప్పన్నా. డైనమో మార్చినప్పుడు హీటరు వైర్లు మార్చలేదు. వేసి చూడలేదు. అప్పుడు చూసి ఉంటే ఇంత కాలం మూలకు పడి తుప్పు పట్టేది కాదు. పొద్దున గూడ మోటారు పోయిందని ఉత్తగనే చెప్పిన."

బద్రు పళ్లు బిగించాడు. "గిప్పుడా చెప్పేది?" అన్నాడు. ఇంకేదో అనబోయాడు.

సక్రమ్మ అంది. "నడుపు నువ్వు. తిట్టుడు తర్వాత." నా వైపు వంగి, "కొడకా, చెయ్యి తియ్యకు" అంది.

తొమ్మిది కిలోమీటర్లు

జనగామ తొమ్మిది అన్న రాయి కనబడింది. కనబడిన కాసేపటికే ఆరో ఫ్యూజు పోయింది.

విజయ పిల్ల పాదం పట్టుకుని చూసి, "మళ్ల సల్లగైతుంది" అంది.

జేబులోని వెండి కాగితం తీశాను. చుట్టబోయాను కూడా. ట్యాంకు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఒక అంకె గుర్తొచ్చింది. కాలేజీ ల్యాబులో ఫ్యూజు వైరు ప్రయోగం చేశాం. ఏ మందం రాగి పోగు ఎన్ని ఆంపియర్లకు కరుగుతుందో పట్టీ రాసి సంతకం పెట్టించుకున్నాం. బండి లైట్ల వైర్లలో ఉండేలాంటి సన్నపోగు ఒక్కటి ఏడు ఆంపియర్ల దగ్గర కరిగింది. రెండు పోగులు కలిపితే పద్నాలుగు. ఇంచుమించు నాకు కావాల్సిన ఫ్యూజే.

సైడు లైటు వైరు కత్తిరించి, పళ్లతో తోలు తీసి, రెండే రెండు పోగులు లాగాను. మూడోది వెంట వస్తే విరిచి పారేశాను. పోయిన ఫ్యూజు గాజు మీదుగా అటు చివరి లోహపు టోపీకీ ఇటు టోపీకీ చుట్టి పెట్టాను. ఈసారి నిదానంలోనే వేశాను. వేసి, ఎడమ చెయ్యి సీటు కింద ట్యాంకు పక్కన వెళ్లే వైరు మీద, కుడి చెయ్యి మోటారు మీద పెట్టుకున్నాను. వైరు వేడెక్కితే లాగి తెంపేయాలని.

మీకు చెప్పాల్సింది ఇక్కడ ఒకటుంది. ఆ తొమ్మిది కిలోమీటర్లు నేను పిల్ల గురించి ఆలోచించలేదు. జనగామ గురించీ కాదు. నా రెండు అరచేతులే. ఇది కొంచెం వేడెక్కిందా? ఇది అప్పటికంటే ఎక్కువా? మోటారు లోపలి వార్నిష్ మాడుతున్న వాసన వస్తోంది, అది నా భ్రమా? వాసన నిజమైనదే. ఆపితే చలి, ఆపకపోతే మంట. ఏడు దాకా లెక్కపెట్టి తీసేవాణ్ని. మళ్లీ పెట్టేవాణ్ని. తర్వాత ఐదు దాకానే. కుడి అరచేతిలో మచ్చ ఇప్పటికీ ఉంది.

రెండు పోగులూ నిలబడ్డాయి.

తర్వాత

మర్నాడు ఉస్తాద్, నేనూ హీటరు డబ్బా మొత్తం విప్పాం. వెనక ఇరుసు తీసి చూస్తే తుప్పు పొడిగా రాలింది. ఇరుసు తిరిగే చోట కొత్త బుష్ వేయించి, నూనె పెట్టి బిగించాం. ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. వెండి కాగితం ఆయనకు తిరిగి ఇచ్చాను. "చుట్టలేదా?" అన్నాడు. రెండు పోగుల సంగతి చెప్పాను. "గది నాకు గూడ నేర్పు" అన్నాడు. అరవై ఏళ్ల మనిషి, షెడ్డులో నలుగురి ముందు. నేను పని చేసిన యజమానుల్లో ఆ మాట అన్నవాడు ఆయనొక్కడే. భూపాలపల్లిలో మా వర్క్‌షాపు ఇన్‌ఛార్జికి నేను తప్పు చూపిస్తే రెండు నెలలు బ్యాటరీ గదిలో వేశాడు.

గోడ మీది కాగితం చింపలేదు. కింద పదోదిగా హీటరు అని రాశాను. దాని కింద ఒక ఖాళీ గీత పెట్టాను. మీరూ జాబితా రాసుకోండి, జాబితా లేకుండా ఈ పని చేయొద్దు. కానీ అది మీకు తెలిసినవాటి జాబితా మాత్రమే. టిక్కులన్నీ పడ్డాక బండి చుట్టూ ఒకసారి తిరిగి, మీరు ఎన్నడూ వేయని స్విచ్చు ఏదో వెతికి వేయండి. దాన్ని వాడేవాడు ఎవడూ లేడని అనుకోవద్దు.

బద్రు నన్ను తిట్టాడు. నెల తర్వాత, షెడ్డుకు వచ్చి, టీ తాగుతూ, తీరిగ్గా తిట్టాడు. నేను విన్నాను. తర్వాత బండి హారను చూడమన్నాడు.

జనగామలో డాక్టరు పిల్లను గాజుపెట్టెలో పెట్టేముందు విజయ థర్మామీటరు పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, ఒళ్లంతా మసి, లోపలికి రానివ్వలేదు. ఆమె వెలుతురుకు పట్టుకుని, నాకు వినబడేలా చదివింది. తొంభై ఆరు పాయింట్ ఎనిమిది.

ఇరవై ఆరో రోజు తల్లి చేతికిచ్చి ఇంటికి పంపేటప్పుడు పిల్ల తూకం, పద్దెనిమిది వందల నలభై గ్రాములు.